కాలువ కట్టిన నెల

లాకులు దించి ఇరవై రోజులు.
బెజవాడలో బందరు కాలువ అడుగు నెర్రెలిచ్చి
చేపపొలుసు వాసన.

సుభానీ గారు హెడ్‌ఫోన్లు తీసి నా తలకు తగిలించారు.
రేడియోలు బాగుచేసిన వేళ్ళు, వణుకు మొదలైంది.
"గరిట తిప్పినట్టు కాదు. చీపురు పట్టినట్టు.
నేలకు బెత్తెడెత్తున."

మొదటి వారం కుయ్యన్న ప్రతిచోటా తవ్వాను.
సోడామూతలు, గుట్కా రేకులు,
గొడుగు పుల్ల, ఎవరిదో చెప్పు బకిలు.
బీడీ ఆర్పి అనేవారు:
"అరిచిందల్లా డబ్బయితే
మన బస్టాండ్ కింద బంగారం ఉండాలి."

ఇనుముది బొంగురు గొంతు, మాట మధ్యలో తెగుతుంది.
రేకు ముందు ఘనంగా పలికి
నువ్వు తిరిగొచ్చేసరికి ఇంకోటంటుంది.
కొత్త రూపాయీ ఉక్కుదేగా, దాన్ని నమ్మకు.
పాత రాగిది మాత్రం
తూర్పు నుంచి అడిగినా పడమర నుంచి అడిగినా
ఒకే జవాబు, సన్నగా.

ఇవన్నీ ఆయన నోటితో కూసి చూపించారు.
ఎడమ చెవి కూడా పోతోందని
మూడో వారానికి గానీ నాకు తెలియలేదు.
"ఏమంది?" అని నా ముఖంకేసి చూస్తే
యంత్రం అన్నది నేను అనాలి.

నిన్న వంతెన నీడలో, జానెడు లోతున,
అటు నుంచీ ఇటు నుంచీ అదే మాట.
ట్వీఁ అన్నాను. ఇంకా సన్నమా, అన్నారు.
గొంతు పీలగా చేసి మళ్ళీ అన్నాను.
పైన ఆటోవాడు బండాపి చూశాడు.

చిల్లికాణీ. పచ్చగా కిలుం పట్టి.
లుంగీకి తుడిచి, చిల్లులోంచి నన్ను చూశారు.
ఎంత చేస్తుందో ఒక్కమాట లేదు.
"తవ్వింది చాల్లే. ఎల్లుండి నీళ్ళు వదులుతారు.
ఆ కూత, ఇంకోసారి అను."