ఫర్నేస్

కాశీబుగ్గలో రాత్రి ఒంటిగంట.
ఒట్టావాలో మధ్యాహ్నం మూడున్నర.
హెడ్‌ఫోన్ తగిలించుకోగానే ఒక కొయ్యసుత్తి దెబ్బ,
ఆ వెంటనే "అధ్యక్షా" అని
ఎవరో గొంతు సవరించుకుంటారు.

నాది చిన్న పని.
వాళ్ళ కమిటీ మాటల్ని ముందు యంత్రం రాస్తుంది.
యంత్రం తప్పుల్ని నేను దిద్దుతాను.
నిమిషం ఆడియోకి మూడు రూపాయల అరవై పైసలు.
దగ్గుకీ అదే రేటు, నిశ్శబ్దానికీ అదే రేటు.
అందుకే నాకు
ఆలోచించి మాట్లాడే సభ్యులంటే ఇష్టం.

ఈ నెలంతా ఒకటే చర్చ:
మనిషి మీద యంత్రం తీర్పు చెబితే
ఆ సంగతి ఆ మనిషికి చెప్పాలా, వద్దా.
చెప్పి తీరాలంటుంది ప్రతిపక్షం.
చూద్దామంటుంది ప్రభుత్వం.
కంపెనీ తరఫు లాయరు
"ప్రగతి" అనే మాటని ప్రతి వాక్యం పైనా పేరుస్తాడు,
మా బజార్లో జీడిపప్పు సంచి మీద గుళ్ళు పేర్చినట్టు.
కింద బద్దలుంటాయని
పలాసలో పుట్టినదానికి ఒకరు చెప్పాలా?

ఒకాయన సగం వాక్యంలో ఫ్రెంచిలోకి దిగిపోతాడు.
ఎవరూ నవ్వరు.
సరిగ్గా మాట్లాడు అని ఎవరూ అనరు.
అనువాదకురాలి గొంతు పరుగెత్తుకొచ్చి
ఆయన పక్కన నిలబడుతుంది.
కాలేజీలో నేను "ఏటి" అన్నానని
రెండేళ్ళు నవ్విన పిల్లలు గుర్తొచ్చి
అక్కడ ఆడియో ఆపేస్తాను కాసేపు.
ఆపిన సమయానికి డబ్బులు రావు.

యంత్రం ఒక్క మాట దగ్గర ఎప్పుడూ బోర్లాపడుతుంది.
వాళ్ళు ఫెయిర్‌నెస్ అంటారు.
అది ఫర్నేస్ అని రాస్తుంది.
న్యాయం అడిగిన ప్రతిచోటా ఒక కొలిమి.
నిన్న రాత్రి పద్నాలుగుసార్లు దిద్దాను,
కిటికీలోంచి
పిక్కలు కాలుతున్న కమురు వాసన వస్తూంటే.

కింది వాటాలో బమ్మిడి ఢిల్లమ్మ.
పేరులో రాజధాని ఉంది గానీ
రాజధానికి ఆమె వేళ్ళు గుర్తులేవు.
ఇరవైరెండేళ్ళు పిక్క కొట్టింది.
బూడిద పూసుకున్నా, ఆముదం పూసుకున్నా
జీడి చమురు ఒక్కో గీతనీ తినేసింది.
డిపోలో మిషను
మంచి తెలుగులో, మంచి ఆడగొంతుతో అంటుంది:
సరిపోలలేదు, మళ్ళీ ప్రయత్నించండి.

"నా ఏలు నాది కాపోతే ఎవులదంతాదే?"
అని నన్నడిగింది,
ఆ మిషను నేనే చేసినట్టు.
ఏమో.
రోజూ రాత్రి ఏదో ఒక మిషనుకి
నేను నేర్పుతూనే ఉన్నాను కదా.

"అదేటి దేశమే నువ్వు ఇంతన్నది?"
కెనడా అన్నాను.
"అక్కడా ఏలిముద్రలేటి?"
తెలీదు. యంత్రాలని ఎంతవరకు నమ్మాలో
కూర్చుని మాట్లాడుకుంటున్నారు.
చెరుగుతున్న చేట ఆగింది.
"ముందుగానా?" అంది.

ఆ మాట ఎక్కడ టైపు చేయాలో నాకు తెలీలేదు.

మొన్న అక్కడ సభ రద్దయింది.
ఎన్నికలట. సగంలో ఉన్న బిల్లు సగంలోనే పోయింది,
నేను దిద్దిన న్యాయాలన్నిటితో సహా.
నాకు దిగులేసింది.
నిజం చెప్పాలంటే
నలభై గంటల పని పోయిందని ముందు,
మిగతాది తర్వాత.
అక్కడ నాకు ఓటు లేదు.
ఇక్కడ ఉంది. కానీ
ఈ ప్రశ్న ఇక్కడ నన్నెవరూ అడగలేదు.

ఈ నెల డిపోలో రుంకు మోహనరావు
విసిగి విసిగి, పదో వేలు పెట్టమన్నాడు.
ఎడమచేతి చిటికెనవేలు.
పచ్చలైటు వెలిగింది.
పిక్క పట్టుకునేటప్పుడు
ఆ ఒక్క వేలే ఎడంగా లేచి ఉండేదట, అలవాటుగా.

ఇప్పుడు దానికి పాత చీరపేలిక చుట్టుకుని
పనిలోకి వెళ్తోంది ఢిల్లమ్మ.
దెబ్బ తగిలిందా అని మేస్త్రి అడిగితే
"నేదు బావూ,
ఇది బియ్యానికి" అందట.