ఒక చెవి

అరండల్‌పేటలో, మెట్ల కింద గది.
మా ఫ్లెక్సు మిషను పది అడుగుల వెడల్పున
మనుషుల్ని కక్కుతూనే ఉంటుంది.
నేనొచ్చేసరికి ఏసుపాదం
ముగ్గురు అన్నల్ని నేల మీద పరిచి
అంచులు కోస్తుంటాడు.
చెప్పులు విప్పే తొక్కుతాడు, మర్యాదకి.

నా పని మొహాలు.
"ఇంకొంచెం తెల్లగా చెయ్యమ్మా."
ముప్పై ఏళ్లు యార్డు ఎండలో మాగిన బుగ్గని
రెండు క్లిక్కుల్లో పాలకోవా చేస్తాను.
మచ్చలు తీస్తాను, మెడ కింద ముడతలు తీస్తాను.
ఒకాయనకి జుట్టు పెడితే
స్క్రీను ముందు నిలబడి తల దువ్వుకున్నాడు.
"నీ చెయ్యి మంచిదమ్మా" అంటారు వలీ గారు.
మంచిదే.
ఇంటికెళ్లేసరికి నాకే పనికిరాదు.

శారదా కాలనీలో, మా బీరువా మీద
ఒక డ్రాయింగు పుస్తకం ఉంది.
రోజుకో బొమ్మ అనుకుని కొన్నాను.
పదకొండో పేజీ దగ్గర ఆగింది.
తర్వాత దాని మీద కరెంటు బిల్లులు చేరాయి,
చిన్నోడి ఇన్‌హేలరు చేరింది,
మెల్లగా అదొక బల్ల అయిపోయింది.

"ఉద్యోగం మానెయ్యవే, బొమ్మ అదే వస్తుంది"
అంటుంది రత్నమంజరి.
ఒకసారి మిషను హెడ్డు పోయి
తొమ్మిది రోజులు సెలవిచ్చారు.
తొమ్మిది రోజులూ కందిపప్పు ఎండబెట్టుకున్నాను.

మొన్న శుక్రవారం ఒకామె వచ్చింది.
కాయలకి తొడిమలు తీసే మనిషి.
కొంగు విదిలిస్తే
నేనూ ఏసుపాదమూ ఒకేసారి తుమ్మాం.
ముడి విప్పి ఫోటో తీసింది, రేషన్ కార్డుది.
సీలు పడి ఎడమ చెవి లేదు.
"మూడో వర్ధంతి. చిన్నది చాలు."
నా వేలు అలవాటుగా వెలుగు పెంచబోయింది.
"ఆగమ్మా. నల్లగా ఉండేవాడు.
తెల్లగా చేస్తే ఎవరో అనుకుంటాను."

ఇన్నేళ్లలో ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

కుడి చెవిని తిరగేసి ఎడమన అతికించాను.
మాకది మామూలే.
ఆమె దగ్గరికొచ్చి చూసింది.
"అది కాదులే. ఆ చెవి నలిగి ఉండేది,
బస్తాలు మోసి మోసి.
పోన్లే, ఎవరు చూడొచ్చారు, ఉంచెయ్."
మూడొందలు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లిపోయింది.

ఆ రాత్రి బిల్లులు దింపాను.
పన్నెండో పేజీ.
మొదటిది జీడిపప్పులా వచ్చింది.
రెండోది మామిడి టెంక.
బొటనవేలు నల్లబడింది, దిండు గలీబూ నల్లబడింది.
మూడోది చెవే.
ఆయనది కాదు గానీ, ఎవరిదో.
ఫ్యాను గాలికి పేజీ లేస్తుంటే
ఇన్‌హేలరు బరువు పెట్టాను.

మర్నాడు పద్నాలుగు మందిని తెల్లగా చేశాను.
మానేస్తే జీతం ఎవరిస్తారు?
కాకపోతే ప్రతి మొహంలో
తీసేసే ముందు ఒకసారి చూస్తున్నాను,
ఏం తీసేస్తున్నానో.

ఒక చెవి.
అంతకంటే ఎక్కువ అడగను నన్ను నేను.
బొమ్మ అంటే భయం వేస్తుంది, చెవి అంటే వెయ్యదు.
ఏసుపాదానిది వేశాను, బీడీ నిలిచే గుంటతో సహా.
వలీ గారిది, అత్తరు దూదితో.
చిన్నోడిది, నిద్రలో, దిండు అచ్చు పడి ఉన్నప్పుడు.
కొన్ని రాత్రులు అదీ ఉండదు.
అన్నం తింటూనే కూలబడతాను,
పొద్దున పుస్తకం వంక చూడను, అంతే.

నిన్న బస్సులోంచి కనపడింది ఆ ఫ్లెక్సు,
యార్డు రోడ్డులో స్తంభానికి.
ఒక తాడు తెగి ఊగుతోంది.
నల్లగా, బాగున్నాడు.
ఎడమ చెవి తప్పని
ఈ ఊళ్లో ఇద్దరికే తెలుసు.

పుస్తకంలో దానికో పేజీ వదిలాను.
ఇంకా రాలేదు.