జానెడు తీగ

హూసవీక్ రేవులో, చేపల గోదాం పైగదిలో
రాత్రి పదకొండైనా పొద్దు గుంకలేదు.
ఈ చివర సముద్రాన్ని వింటున్న ఎఫ్‌పీజీఏ,
ఆ చివర అరచేతంత కంప్యూటర్,
మధ్య జానెడు ఈథర్నెట్ తీగ.

ఒకటి పంపితే
రెండొందల యాభై ఆరని చదువుతోంది అవతలిది.
మూడు రోజులుగా స్టైన్‌వోర్ తీగలే మారుస్తోంది.

పడవ కడిగొచ్చిన హ్రెయ్‌దార్, చేతులింకా తడి,
తెర మీదికి వంగాడు:
"మా తాత తాడు కొస నుంచి లెక్కపెట్టేవాడు,
నాన్న మొదలు నుంచి. ముడులు అవే."

ఆమె బైట్లు తిరగేసింది.
ఒకటి. రెండు. మూడు.
నాలుగు రాలేదు.
అందిందా అని అడిగే అలవాటు యూడీపీకి లేదు.
ఐదు వచ్చింది.

ఆ ఐదులో, నీళ్ల అడుగున
ఎవరో బరువైన తలుపు తోసినట్టు
తిమింగలం.

నాలుగులో ఏమందో.