జిగురు

బంట్రోతు మూడుసార్లు పిలిచాడు,
దార్ల కరుణమ్మా, దార్ల కరుణమ్మా,
మూడోసారికి నాకే అనుమానమొచ్చింది
ఆ పేరు గలది ఇంకెవరన్నా ఉందేమోనని.

ఒంగోలు కోర్టులో, తిరగని ఫ్యాను కింద,
కుడిచెయ్యెత్తి ప్రమాణం చెయ్యమన్నారు.
లేవదయ్యా అన్నాను.
మా ప్లీడరు చటుక్కున లేచి
"అదేనండీ మా కేసు" అన్నాడు.
నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇన్సూరెన్సు తరపు ప్లీడరు కుర్రాడు, మెత్తనివాడే,
అమ్మా అనే పిలిచాడు.
ఆటోలో ఎంతమంది ఎక్కారమ్మా?
పదకొండు మందిమి బాబూ.
డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక బద్ద మీద ముగ్గురు,
అన్నం క్యారేజీలు కాళ్ళ సందున.
ముగ్గురే ఎక్కాలని రాసుంటది కదా?
రాసుంటది.
ముగ్గురే ఎక్కితే టంగుటూరుకి మనిషికి
పోను నూరు, రాను నూరు.
రోజంతా ఆకు తీస్తే మూడొందలు.
ఆ లెక్క ఏ ఆటో మీదా రాసుండదు బాబూ.

టైపు కొట్టే అమ్మాయి
"పదకొండు" వరకే కొట్టి ఆగింది.

ఒక సంగతి మాత్రం నన్నెవరూ అడగలేదు.
వల్లూరమ్మ గుడి దాటాక
యూటర్నుకి మూడు కిలోమీటర్లు పోవాలని
మావోడు ఎదురుదారి పట్టించాడు.
రోజూ పట్టిస్తాడు.
రోజూ మేం కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని
ఏసురత్నం కబుర్లు వింటూ పోతాం.
ఆ తెల్లారుజామున మంచు.
అవతల చీమకుర్తి రాయి మోసుకొస్తున్న లారీ,
దానికి లైటు ఒక్కటే వెలుగుతోంది.
బైకనుకున్నాడు మావోడు.

కోడలు ఏమందో చెబుతోంది ఏసురత్నం.
ఏమందో
మాకింక తెలియదు.

ఇరవై రెండేళ్ళు ఆకు తీశాను,
కళ్ళతో కాదు, వేళ్ళతో.
చీకటి షెడ్డులో బొటనవేలు ఆనిస్తే చాలు,
ఇది బ్రైటు, ఇది మీడియం, ఇది లోగ్రేడు,
ఇది మండెలో అడుగున పడి చెమ్మ పట్టిందని
వేలే చెప్పేది.
నేను కట్టిన బేలు వేలం నుంచి తిరిగొచ్చిన రోజు లేదు.
మేస్త్రి మాలకొండయ్య అందరి కుప్పలూ కెలికేవాడు,
నాది దాటి పోయేవాడు.

పెద్దాసుపత్రిలో డాక్టర్లు ముగ్గురు
నా చెయ్యి తిరగేసి మరగేసి
గుండుసూదితో గుచ్చి
వెలుతురుకి పట్టి చూసి
నలభై శాతం అని చీటీ రాశారు.
నాకు బాగా తెలిసిన చూపది.
ఆకుని ఏ కుప్పలోకి విసరాలో తేల్చుకునే చూపు.

"సంపాదనకి రుజువేముందమ్మా?"

జీతం చీటీ లేదు. బ్యాంకులో పడే డబ్బు కాదు.
శనివారం పొద్దుగూకాక మేస్త్రి
తడి వేలితో లెక్కపెట్టి చేతిలో పెట్టేది.
రుజువు ఉండేది బాబూ, ఈ అరచేతిలోనే ఉండేది.
నల్లటి జిగురు.
చింతపండేసి రుద్దినా, కిరసనాయిలేసి రుద్దినా
గీతల్లోంచి వదిలేది కాదు.
అన్నం కలిపితే ముద్దముద్దకీ చేదు,
నా పిల్లోడు ఆ చేతి ముద్ద ఒక్కనాడూ తినలేదు.
మూడేళ్ళు మీ వాయిదాలకి తిరిగేలోపల
అదీ ఊడిపోయింది.
చూడండి, ఎంత శుభ్రంగా ఉందో.

జడ్జిగారు కళ్ళద్దాలు సర్దుకుని
నిజంగానే చూశారు, వంగి మరీ చూశారామె.
చూసినట్టు ఫైల్లో ఎక్కడ రాస్తారో
నాకు తెలీదు.

వాయిదా మళ్ళీ వచ్చే నెల పద్నాలుగుకి.

కోర్టు బయట షేర్ ఆటో ఎక్కాను.
ఎప్పుడూ లేనిది, లెక్కపెట్టాను.
తొమ్మిది. నాతో పది.
కదలబోతుండగా చంకలో పిల్లతో ఒకామె పరిగెత్తుకొచ్చింది.
"సర్దుకోండమ్మా కాస్త" అన్నాడు డ్రైవరు.
కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి
ఒళ్ళో పెట్టుకుని
జరిగాను.