ముగ్గురాయి గది

కడపలో మే నెల, రాత్రి పదకొండైనా
ఆసుపత్రి మెట్ల బండలు కాళ్లు కాలుస్తాయి.
ఈ గదిలో మాత్రం పద్దెనిమిది డిగ్రీల చలి.
మిషన్ కోసం. మనుషుల కోసం కాదు.

మాధవరంలో మగ్గం గుంటలోంచి లేచి
అట్లే బస్సెక్కి వచ్చినట్టుంది ఆమె.
వేళ్ల సందుల్లో ఎర్రరంగు ఆరలేదు.
ఒళ్లో మెలికలు తిరుగుతూ పదకొండేళ్ల కూతురు.
చౌడేశ్వరి. ఇరవయ్యారు కిలోలు.
చీరల కవరులో పాత ఫిల్ములు రెండు,
నిరుడు ప్రొద్దుటూరులో ఒకటి, మొన్న మార్చిలో రాజంపేటలో ఒకటి.
ట్యూబులైటుకు పట్టి చూశాను.
ఎంత తేటగా ఉన్నాయో, కడిగిన అద్దాల్లా!
నూరు కిలోల కంట్రాక్టరు కడుపుకూ
ఈ పిల్ల కడుపుకూ ఒకే మీట నొక్కినారు.

"ఎంత పవరుంటే అంత పెట్టు సార్,
బొమ్మ బాగా పడాల" అంది తల్లి.
తగ్గిస్తానన్నాను.
"తగ్గిచ్చి, డబ్బులు మాత్రం అంతే తీసుకుంటారా?"

జవాబు లేదు నా దగ్గర.
కిరణానికి రంగు లేదు, వాసన లేదు, మంట లేదు.
ఇప్పుడు పోసింది ఏ నలభయ్యో ఏటనో లెక్కకు రావచ్చు,
రాకపోవచ్చు.
రాకపోవచ్చు అనే మాటకు
ఏ కౌంటర్లోనూ రసీదు ఇవ్వరు.

ఈ గోడలకు రంగు కింద మెత్తింది ముగ్గురాయి పొడి.
మంగంపేట గనిలో మా నాయన ఇరవయ్యేళ్లు
సమ్మెటతో పగలగొట్టి లారీకెత్తిన రాయి.
పిడికెడు ముక్కే, ఎత్తితే మణికట్టు వంగుతుంది.
ఆ బరువుకే కిరణం వరండాలోకి పోలేక
గోడలోనే చచ్చిపోతుంది.
ఇవతల కూర్చున్న నన్ను కాస్తున్నది ఆయన నడుంనొప్పి.
లోపల బల్లమీద పడుకున్నవాళ్లకే గోడ లేదు.
వాళ్లకున్న గోడంతా నా చూపుడువేలు.

ఎనభై కేవీ.
ఎంఏ తగ్గించాను. ఇంకొంచెం.
వేలు ఆగింది.
మరీ తగ్గితే బొమ్మంతా ఇసుక,
ఏదీ తేలక మళ్లీ పడుకోబెట్టాలి,
మిగిల్చిందంతా ఏట్లో పోసినట్టే.
ఒక గీత పైకి జరిపాను.
కిడ్నీల పైఅంచు నుంచి మూత్రసంచి దాకా, అంతే.
గుండె జోలికి పోను.

ఊపిరి పట్టుకోమని మిషన్ హిందీలో చెప్పింది.
మైకులో మళ్లీ నేను,
"పాపా, బావిలోకి దూకేటప్పుడు పట్టుకుంటావే, అట్ల."
"మా ఊర్లో బావులెండిపాయె" అంది, నొప్పిలోనే.
నవ్వొచ్చింది. పట్టుకుంది.
నాలుగు సెకన్లు.

ఫోన్లో డాక్టర్ నీలవేణి.
"ఏందయ్యా వసంతరాజూ, పెన్నేటి ఇసుకంతా తెచ్చి పోసినావు?
లివర్ అంచు తెలీదు, పేగులన్నీ అలికేసినట్టున్నాయి."
లివర్ గురించి ఎవరూ అడగలేదు మేడమ్.
అవతల మాట లేదు. మౌస్ చక్రం చప్పుడు.
నేనూ నా స్క్రీన్ మీద వెతుకుతున్నాను,
బియ్యం చాటలో మా అమ్మ వెతికినట్టు.

ఇసుకలోనూ రాయి రాయే.
కుడిపక్క గొట్టం చివరి మలుపులో
తెల్లగా, మొండిగా.
"నాలుగు మిల్లీమీటర్లు" అంది నీలవేణి. "నీళ్లు బాగా తాగమను, పడిపోతుంది."
ఆగి, "ఈసారి నాకు ముందే చెప్పి తగ్గించు."
అది తిట్టో ఒప్పుకోలో
ఫోన్ పెట్టేశాక కూడా తేలలేదు.

తల్లీబిడ్డలకు చూపించాను.
"ఇదా? జొన్నగింజంత లేదు,
దీనికేనా మూడూర్లు తిప్పింది?"
పిల్ల మాత్రం రాయిని చూడలేదు.
"నా లోపలంతా దుమ్ముందే" అంది.
దుమ్ము కాదు పాపా, అది నేను,
అని మొదలుపెట్టి ఊరుకున్నాను.

వాళ్లు పోయినాక
స్క్రీన్ మూలనున్న అంకె నోటుబుక్కులోకి ఎక్కించాను.
పేరు, బరువు, అంకె.
పాత ఫిల్ముల మూలనున్న అంకెలు రెండూ పక్కన.
ఆసుపత్రిలో ఎవరూ అడగని పుస్తకం ఇది,
అంగడాయన అప్పుల చిట్టా మాదిరే ఉంటుంది,
కాకపోతే ఎన్నటికీ ఎవరూ
వసూలుకు రాకూడదని రాసుకునేది.