వానకొగ్గిన సందు

గునుపూరులో రైలు కట్టకి ఇవతల నా లేతు.
విశాఖ నుంచి తెప్పించాను నల్లటి రాడ్డు,
నూటికి ముప్పై పాళ్లు గాజు నార కలిసిన నైలాను.
తెల్లదాన్ని అదిమితే ఒదుగుతుంది.
ఇది తిరిగి మన కళ్లలోకి చూస్తుంది.

రాహేలు సొబొరొ సంచిలోంచి తీసింది
పళ్లూడిన పినియను,
వాళ్ల సంఘం చోళ్ల మిల్లుది.
"ఈపాలి ఇరగనిది సెయ్యి, కూర్మయ్యా."

ఇరగనిది చేశాను.
టూలు రెండుసార్లు మొద్దుబారింది.
పొట్టు మెరిసే బూడిదలా రాలి
మోచేతుల దాకా దురద.
ఆ రాత్రి గవరమ్మ నా చొక్కాని
వేరే బకెట్లో, కర్రతో ముంచింది.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది రాహేలు.
పినియను పన్ను ఒక్కటీ చెక్కుచెదరలేదు.
దాన్ని కరుచుకుని తిరిగిన
అల్యూమినియం పోత చక్రం మాత్రం
ఆవు నాకిన ఉప్పుగల్లు.
"నీది బాగుంది," అంది. "నాది పోయింది."

స్టూలు మీద ఎదురుగా కూచుంది.
నేను లెక్క మళ్లీ మొదటి నుంచి.

మోటారు వేడి తగిలే బ్రాకెట్టు ఎవర్నీ రాసుకోదు,
కదలకుండా మోయడమే దాని పని.
నల్లది దానికి.
అదీ నార పొడుగునా బరువు పడేట్టు కొయ్యాలి,
అడ్డంగా పడితే గాజైనా చేతులెత్తేస్తుంది.
బుష్షుకి తెల్లది, చుక్క నూనె.
పినియనుకీ తెల్లదే.

"అది ఇరిగిపోతాది గదేటి?"
"ఇరుగుతాది. రాయి పడితే ముందల అదే ఇరగాల.
అది నూటెనబై రూపాయలు.
దాని ఎనక సక్రం నాలుగు వేలు, ఆ ఎనక మోటారు."

ఆమె నవ్వలేదు.
"మా సంగంలో ఆ పని నాదే," అంది.

నైలాను నీళ్లు తాగుతుంది.
గురువారం ఎండలో సరిపోయింది
వంశధార పొంగిన సోమవారానికి షాఫ్టు ఎక్కదు.
గాజు కలిసింది ముక్కు తడుపుకుంటుంది,
కలవనిది కడుపు నిండా.
అందుకని పళ్లు కోసేముందు దిమ్మల్ని
గవరమ్మ చూడకుండా గంజి గిన్నెలో
సగం పూట ఉడకబెట్టాను.
చల్లారాక కొలిచి, కోసి,
శ్రావణానికని ఇంకో వెంట్రుక మందం
సందు ఒగ్గాను.

రెండు చేయించుకుంది.
ఒకటి బిగించడానికి. రెండోది
బియ్యం డబ్బాలో దాస్తానంటే
వద్దన్నాను, ఎండిపోతే పెళుసు,
నీళ్ల కుండ పక్కన పెట్టుకోమన్నాను.

పోతూ పోతూ నల్ల బ్రాకెట్టుని
అటూ ఇటూ తిప్పి చూసింది.
"మరి ఇదెప్పుడు ఇరుగుతాది?"

తెలీదన్నాను.
నిజంగానే తెలీదు.
మోచెయ్యి గోక్కుంటూ
లేతు కింద పొట్టు ఊడ్చాను.