చెదరగొట్టేవాడు

నవంబరు వస్తే మా రోమ్‌లో
వాన లేని సాయంత్రాలు కూడా గొడుగులు విచ్చుకుంటాయి.
టైబర్ గట్టు మీద, చినార్ చెట్ల కింద,
నా పత్రికల బడ్డీకి పట్టా కప్పేసి
నేనూ ఒక గొడుగు కింద నిలబడతాను.
పైనుంచి కురిసేది రెట్ట.

పగలంతా ఊరవతల ఆలివ్ తోటల్లో మేసి
గోరువంకల చుట్టాలు, ఈ స్టార్లింగులు,
వెచ్చటి చోటు వెతుక్కుంటూ ఊళ్లోకొస్తాయి.
ఎన్నని అడక్కండి. లెక్క మొదలెట్టినవాళ్లెవరూ
చివరిదాకా పోలేదు.

ముందు ఒక మసక.
పలక మీద ఎవరో తడిచేత్తో తుడిచినట్టు.
అది మడత పడుతుంది, ఉబ్బుతుంది,
నడుము దగ్గర సన్నబడి తెగిపోబోయి
తెగదు.

"తిమింగలం" అంటుంది
రెండొందల ఎనభై బస్సు కోసం ఆగిన నర్సు.
"కటిల్ చేప, సిరా వదులుతోంది చూడు" అని
చేపల ఫాబ్రిజియా, చేతులు ఇంకా కడుక్కోకుండానే.
ఓడల మీద పనిచేసొచ్చిన గావినో తాతకి
ఏ రోజు చూసినా సార్డీనియా పటమే,
దక్షిణపు కొస కాస్త వంకరపోయినా సరే.
ఎవరి పిచ్చి వాళ్లకానందం.
నాకు మాత్రం
అమ్ముడుపోని నిన్నటి పేపర్లన్నీ
ఒక్కసారి గాలికి లేచినట్టుంటుంది.

ఇంతలో తుల్లియో వస్తాడు.
తెల్ల తొడుగు, తలకి టోపీ, భుజాన లౌడ్‌స్పీకరు,
మున్సిపాలిటీ వాళ్ల పసుప్పచ్చ బిళ్ల.
ఆ డబ్బాలో ఒకే ఒక్క పిట్ట అరుపు ఉంది.
ఏ పిట్టదో, దాన్ని ఎవరు పిడికిట్లో పట్టుకున్నప్పుడు
రికార్డు చేశారో
అతనికీ తెలియదు.
మీట నొక్కుతాడు.
తిమింగలం పిండైపోతుంది.
సార్డీనియా మునిగిపోతుంది.
కార్లవాళ్లు దండం పెడతారు, గావినో తాత తిడతాడు.
తుల్లియో రెండూ జేబులో వేసుకుని
తర్వాతి చెట్టుకి నడుస్తాడు.

ఇరవై రెండేళ్ల డ్యూటీ.
"నీకేం కనిపిస్తుందయ్యా పైన?" అని అడిగితే
"ఖాళీ చెట్టు, ఎర్సీలియా,
ఇంకో పావుగంటకి" అనేవాడు.

మొన్న గురువారం మాత్రం
మీట మీద బొటనవేలు పెట్టి ఆగిపోయాడు.
ఆకాశంలో పెద్దగా ఏమీ లేదు.
గుంపు ఎడమ నుంచి కుడికి సాగి
కొస దగ్గర చిన్నగా పైకి తిరిగింది.
మళ్లీ ఎడమ నుంచి. మళ్లీ ఆ కొస.
"ఏంటి?" అన్నాను. "చెయ్యా?"
"చెయ్యి కాదు" అన్నాడు. "ఆ ఊపు.
మా నాన్న గోడకి సున్నం పట్టించేవాడు.
తాపీ చివర్లో అలాగే తిప్పేవాడు,
కింద నేను బొక్కెన పట్టుకుని ఉంటే
చుక్క నా మీద పడకుండా."
కాసేపాగి,
"పోయే ముందు నాలుగేళ్లు
ఆ భుజం పైకి లేవలేదు" అన్నాడు.

నర్సు బస్సు వచ్చి వెళ్లిపోయింది.
తను ఎక్కలేదు.
గావినో తాత ఆ పూట దీవి పేరెత్తలేదు.
గుంపు ఇంకోసారి పట్టించింది,
ఇంకోసారి తిప్పింది,
నదిమీద వెలుగు అయిపోయేదాకా
మెరకపల్లాలు సరిచేస్తూనే ఉంది.

అప్పుడు, రాగి చెరువులో నీళ్లు ఒంపినట్టు,
అన్నీ ఒక్కసారే
నా చెట్టు మీద వాలాయి.

నేను తుల్లియో వైపు చూశాను.
అతను డబ్బాకి మూత బిగిస్తున్నాడు.
"బ్యాటరీ అయిపోయింది" అన్నాడు.
ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది.
నాకు కనబడలేదనుకున్నాను.

తెల్లారి వచ్చి చూస్తే
బడ్డీ కప్పు, తలుపు, పేరు రాసిన పలక,
నేను కూర్చునే స్టూలు,
అంతా తెలుపు.
గోకుడుపార పట్టుకుని
చాలాసేపు ఊరికే నిలబడ్డాను.
ఎక్కడా ఖాళీ వదల్లేదు.
చేయి తిరిగిన పని.